స్పెయిను దేశమున పల్లె, పట్టణము: నిత్యజీవితపు నిర్భయత

గత సంవత్సరము మన పాఠశాల తలిదండ్రుల సమావేశము ముగిసి అందఱును కాఫీ త్రాగుచుండగా ఒక తల్లి మమ్ము ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న వేసినది. ఆమె కుమార్తె మన పాఠశాలలోనే పదవ తరగతి వఱకు తెలుగున చదివి, పిదప ఇంజనీరింగు పూర్తిచేసి, పైచదువునకై స్పెయిను దేశమందలి బార్సిలోనా నగరమున సీటు సంపాదించుకొన్నది. "మాస్టారూ, ఆ ఊళ్ళో రాత్రి తొమ్మిది గంటలకు మా పిల్ల లైబ్రరీ నుంచి గదికి ఒక్కతే నడిచి రాగలదా?" అని ఆమె అడిగినది. "అది మంచి దేశమే నమ్మా, భయపడకండి" అని మేము చెప్పితిమి. చెప్పిన పిదప ఆ సమాధానము మాకే చప్పగా తోచినది. దేశము మంచిదా చెడ్డదా అని ఆమె అడుగలేదు. తొమ్మిది గంటలకు ఒక వీధి ఎట్లుండునని అడిగినది. నాటినుండి చదివియు, అక్కడ కొన్నేండ్లుండి వచ్చినవారిని అడిగియు తెలిసికొన్న సంగతులను ఈ సంచికలో తలిదండ్రుల ముందుంచుచున్నాము. అట్టి ప్రశ్న మనసులో నుంచుకొన్న తల్లులు మనలో ఏటేట పెరుగుచున్నారు గదా.

స్పెయిను మనకు బొత్తిగా పరాయి దేశము కాదు. 1920లో బార్సిలోనాలో జన్మించిన విన్సెంటు ఫెర్రరు మహారాష్ట్రమందలి మన్మాడు ప్రాంతమున రైతుల నడుమ పనిచేసి, 1969లో అనంతపురము చేరి, 2009లో అక్కడనే కన్నుమూసెను. ఆయన మాట విని వేలకొలది స్పెయిను కుటుంబములు అనంతపురపు బిడ్డల చదువునకు చందాలు పంపినవి. ఐనను ఆ దేశపు వీధులను గూర్చి మనకు తెలిసినది స్వల్పము. దాని వైశాల్యము సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు; జనసంఖ్య 4 కోట్ల 90 లక్షలకు చేరువ. లక్ష జనమునకు సంవత్సరమున జరుగు హత్యలు అక్కడ ఒకటికి లోపు. మన దేశమున ఆ సంఖ్య రెండింటికి దరిదాపు. కాని ఇట్టి లెక్క చూచి నిద్రపట్టిన తల్లిని మేమెన్నడును చూడలేదు.

మొదట ఆ తొమ్మిది గంటల సంగతి చెప్పుదుము. స్పెయినులో రాత్రి తొమ్మిది గంటలనగా మన సాయంకాలము వంటిది. భూగోళము ననుసరించి ఆ దేశము లండను నగరపు సమయమును పాటింపవలసినదే. కాని 1940లో ఫ్రాంకో ప్రభుత్వము గడియారములను ఒక గంట ముందునకు జరిపినది, మరల వెనుకకు జరుపలేదు. వేసవిలో యూరపు దేశములు చాలవఱకు జరుపు గంట దీనికి అదనము. అందుచే జూను మాసమున మాడ్రిడు నగరములో సూర్యుడు అస్తమించునప్పటికి రాత్రి తొమ్మిదిముప్పావు అగును. రాత్రిభోజనము తొమ్మిదికి ముందు చేయువారు తక్కువ. మధ్యాహ్నపు ఎండకు ముడుచుకొన్న ఊరు ఆ వేళకు విచ్చుకొనును. ప్రతి పేటకును ఒక చౌకు కలదు. దానిని వారు 'ప్లాసా' అందురు. చుట్టును నాలుగైదంతస్తుల ఇండ్లు, వాని క్రింద రొట్టెల అంగడి, మందుల అంగడి, కాఫీ హోటలు, బయట కుర్చీలు. తలిదండ్రులు కుర్చీలలో కూర్చుండి మాటలాడుచుందురు, తాతలు బెంచీలపై నుందురు, పిల్లలు నడుమ బంతి ఆడుచుందురు. వేసవి సెలవులలో పదకొండు గంటల వఱకును ఈ సందడి తగ్గదు. తొమ్మిదింటికి పిల్లలను పండబెట్టు అలవాటు గల మన యిండ్లవారు దీనిని చూచిన ముక్కుపై వ్రేలు వేసికొందురు. మేమును వినినప్పుడు అట్లే చేసితిమి.

ఒంటరిగా నడచు ఆడుపిల్లకు ఆ వీధిలో తోడుగా నుండునది ఈ సందడియే. ఆ చౌకులో కూర్చున్న వందమందిలో ఎవడును కావలివాడు కాడు, కాని అందఱి కన్నులును వీధిపై నుండును. ఇండ్ల క్రింద అంగళ్లుండుట, పైన జనము కాపురముండుట అను పాత పద్ధతిని వారు వదలలేదు; కావుననే చీకటిపడగనే నిర్జనమగు వీధులు వారి నగరముల నడిబొడ్డున తక్కువ. నగరముల శివార్లలో క్రొత్తగా వెలసిన గోడల కాలనీలలో మాత్రము ఈ సౌఖ్యము లేదు. అక్కడ అంగడి లేదు, బెంచీ లేదు. కనుక అక్కడివారు తలుపునకు అలారము బిగించుకొందురు.

పూర్వము ఈ కన్నులకు తోడు జీతము లేని కావలివా డొకడుండెడివాడు. వానిని 'సెరేనో' అనెడివారు. సెరేనో అనగా నిర్మలమైన ఆకాశము. పూర్వకాలమున రాత్రి గంటలను, వాతావరణమును కేకవేసి చెప్పుచు తిరుగుటచే ఆ పేరు వచ్చినది. వాని నడుమున వీధిలోని ఇండ్ల వాకిటి తాళపుచెవులన్నియు గుత్తిగా వ్రేలాడెడివి, చేత పొన్నుకఱ్ఱ. ఆలస్యముగ వచ్చినవాడు వీధి మొగలో నిలిచి చప్పట్లు చఱచినచో, దూరమునుండి కఱ్ఱ చప్పుడుతో "వచ్చుచున్నా" నను కేక వినవచ్చెడిది. అంగళ్లవారును గృహస్థులును ఇచ్చు చిల్లరయే వాని బ్రతుకు. 1970 ప్రాంతపు దశకమున విద్యుత్తు గంటలును ఎవరి తాళపుచెవులు వారికిని వచ్చి సెరేనోలు మాయమైరి. ముసలివారు వారిని తలంచుకొని నేటికిని నిట్టూర్తురు. అయితే ఆ రోజులలోని నిశ్శబ్దమునకు వేఱొక కారణము కూడ కలదు. దానిని ముందు చెప్పుదుము.

ఇక పల్లెలు. స్పెయిను పల్లెలో వేసవి రాత్రులందు కుర్చీ తెచ్చి వాకిట వేసికొని కూర్చుండుట ఒక ఆచారము. ఎదురింటివారును తమ కుర్చీ తెచ్చికొందురు. నడుమ వీధియే చావడి యగును. కాదిస్ మండలమందలి అల్గార్ అను చిన్న ఊరివారు 2021లో, ఈ వాకిటి ముచ్చట్లను మానవజాతి సాంస్కృతిక సంపదగా గుర్తింపవలెనని యునెస్కో వారిని కోరదలచిరి. కొందఱు నవ్విరి, మాకు మాత్రము నవ్వు రాలేదు. అరుగులను పగులగొట్టి కారు నిలుపుటకు చోటు చేసికొన్న మనము నవ్వుటకు ఏమి అర్హత? అనేక పల్లెలలో రొట్టెలవాడు బండిపై వచ్చి హారను మ్రోగించి, ఇంటివారు లేనిచో తలుపు పిడికి వ్రేలాడదీసిన గుడ్డసంచిలో రొట్టె వేసి పోవును. ఆ సంచి సాయంకాలము వఱకు అట్లే వ్రేలాడుచుండెనేని ప్రక్కింటివారు తలుపు తట్టుదురు. ఒంటరి ముసలివారి క్షేమమును కనిపెట్టుటకు ఇంతకన్న మంచి సాధనమును ఏ ప్రభుత్వశాఖయు కనిపెట్టలేదు.

ఇంతవఱకు చదివినవారు, అట్లైన ఆ పల్లెలలో భయమే లేదా అని అడుగవచ్చును. కలదు, కాని అది దొంగ భయము కాదు. దూరము భయము. ఆ దేశమున గ్రామ, పట్టణ పురపాలకములు 8,100కు పైగా నుండగా వానిలో సుమారు 5,000 చోట్ల వేయిమంది జనము కూడ లేరు. సోరియా మండలము వైశాల్యమున పదివేల చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందలి జనమో, సుమారు 90 వేలు. 1950 తరువాత యువకులు మాడ్రిడునకు, బార్సిలోనాకు, జర్మనీకి తరలిపోయిరి, ముసలివారు మిగిలిరి. నడిరేయి గుండెనొప్పి వచ్చినచో 112 నంబరునకు ఫోను చేయవచ్చును, ఎవరైన తప్పక పలుకుదురు. కాని ఆంబులెన్సు కొండదారులు చుట్టి రావలెను. బ్యాంకు మూతపడినది, మందుల అంగడి పొరుగూరికి పోయినది, బస్సు వారమునకు రెండుమార్లే. తలుపునకు తాళము వేయనక్కఱలేని ఊరిలో, తలుపు తట్టుటకు మనిషి కఱవగుటయే అసలైన భయము.

ఈ భయమునకు మొదటి గుర్తు ఎచ్చట కనబడునో చెప్పిన మన చదువరులు ఆశ్చర్యపడరు: బడి యందు. తగినంతమంది పిల్లలు లేరని బడి మూయుదురను మాట మనకు క్రొత్త కాదు గదా. అక్కడ బడి మూతపడిన మఱు సంవత్సరమే పిల్లలుగల చివరి రెండు మూడు కుటుంబములు పట్నము చేరును. పిల్లలు పోయిన ఊరిలో వీధి కుర్చీలు ఒక్కొక్కటిగా లోపలికి పోవును. అందుచే కొన్ని ప్రాంతములలో ముగ్గురు నలుగురు పిల్లలే యున్నను బడి నడపుదురు. సంగీతమునకు, ఆంగ్లమునకు, వ్యాయామమునకు నియమితులైన ఉపాధ్యాయులు నాలుగైదు ఊళ్ల బడుల నడుమ కారులో తిరుగుచు పాఠములు చెప్పుదురు. తెరువేల్ మండలమువారు తమ ఊళ్లు ఇంకను బ్రతికియే యున్నవని చాటుటకు 1999లో ఒక ఉద్యమమునే లేవదీసిరి. 2019 మార్చి 31వ తేదీన అట్టి పల్లెలవారందఱును మాడ్రిడు వీధులలో ఊరేగిరి. వారు అడిగినది పోలీసులను కాదు. రైలు, వైద్యుడు, ఇంటర్నెట్టు, బడి.

దొంగలు పల్లెలలో బొత్తిగా లేరని కాదు. హాయెన్ మండలమున ఆరుకోట్లకు పైగా ఆలివు చెట్లున్నవి. కాపు కోతకు వచ్చు శీతకాలమున రాత్రివేళ చెట్లను దులిపి కాయలను బండ్లకెత్తుకొనిపోవు ముఠాలు కలవు. 2023 ప్రాంతమున నూనె ధర మండిపోయినప్పుడు ఈ బాధ మఱింత హెచ్చినది. ట్రాక్టరు సామానులు, నీటిపంపుల రాగితీగలు కూడ పోవును. వీనికొఱకే గ్రామీణ పోలీసులలో ప్రత్యేక దళము లేర్పడినవి.

ఆ పోలీసులను గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. స్పెయినులో పోలీసు ఒక్కటి కాదు. పెద్దపట్టణములలో జాతీయ పోలీసు. అనేక పురపాలకములకు తమ స్థానిక పోలీసు. కాటలోనియా, బాస్కు ప్రాంతములకు తమ తమ పోలీసులు. పల్లెలకు, సముద్రతీరమునకు, చాలవఱకు రహదారులకు 'గ్వార్దియా సివిల్' అను దళము. ఈ దళము 1844లో ఏర్పడినది. నిగనిగలాడు నల్లని టోపీ పెట్టుకొని ఇద్దఱిద్దఱుగ దారివెంట నడచెడివారు. భార్యాబిడ్డలతో ఠాణాలోనే కాపురముండెడివారు. నేటి పల్లెటూరి ముసలివారు ఆ ఠాణా మూతపడునేమో యని దిగులుపడుదురు. వారి తాతలో, అందు కూలివారును జిప్సీ కుటుంబములవారును, ఆ టోపీ కనబడినంతనే దారి తప్పుకొనెడివారు. కవి లోర్కా 1928లో ప్రకటించిన జిప్సీ గీతముల సంపుటిలో ఈ దళమును గూర్చి ఒక భయంకర గీతము కలదు. 1936లో అంతర్యుద్ధము మొదలైన సుమారు నెలకే ఆ కవిని తిరుగుబాటు పక్షమువారు కాల్చి చంపిరి.

సెరేనోల కాలపు నిశ్శబ్దమునకు వేఱొక కారణము కలదంటిమి, అది యిదియే. 1939 నుండి 1975లో ఫ్రాంకో మరణించువఱకు సాగిన నియంతృత్వమున "తలుపులు తెఱచి పడుకొనెడివారము" అని కొందఱు చెప్పుదురు. నిజమే కావచ్చును. కాని తెల్లవాఱుజామున తలుపు తట్టిన చప్పుడు విని దొంగయని కాక పోలీసని వణకిన ఇండ్లును ఆ వీధులలోనే యుండెను. ఆ యుద్ధమున చంపి గోతులలో పూడ్చినవారి ఎముకలను మనుమలు నేటికిని వెలికితీయుచున్నారు. దొంగలేని వీధి యెల్ల భద్రమైన వీధియని చెప్ప వీలులేదు. ఎవనికి భద్రము అని కూడ అడుగవలెను.

తరువాతి భయములును సామాన్యమైనవి కావు. 1959లో పుట్టిన 'ఎటా' అను సాయుధసంస్థ బాస్కు ప్రాంతపు స్వాతంత్ర్యము పేర ఎనిమిదివందల మందికి పైగా చంపినది. ఆ రోజులలో న్యాయమూర్తులు, పోలీసులు, పురపాలక సభ్యులు ఉదయమున కారు నెక్కుటకు ముందు వంగి దానిక్రింద బాంబు కలదేమోయని చూచుకొనెడివారు. 2011లో ఆ సంస్థ ఆయుధములు నిలిపివేసినది, 2018లో రద్దైపోయినది. 2004 మార్చి 11వ తేదీ ఉదయము మాడ్రిడు రైళ్లలో వేఱొక ముఠా, మతోన్మాదులు, పెట్టిన బాంబులకు 190 మందికి పైగా మరణించిరి. 2017లో బార్సిలోనా నడివీధిలో జనముపైకి వ్యాను తోలిరి. ఆ మఱునాటి సాయంకాలము ఆ వీధిలో జనము మరల నడచిరి.

ఆ తల్లి కుమార్తె నడువవలసిన నగరములో నేడు నిత్యము ఎదురగు బెడద జేబుదొంగ. బార్సిలోనా మెట్రో రైళ్లలోను, 'రాంబ్లా' అను విహారవీధిలోను, సముద్రతీరమునను వీరి హస్తలాఘవము జగత్ప్రసిద్ధము. కొట్టరు, కత్తి చూపుట తక్కువ. మాటలలో దింపి, లేక త్రోపులాటలో, సంచి విప్పుదురు. బల్లపై పెట్టిన ఫోను కాఫీ చల్లారులోపల మాయమగును. దొంగిలించిన సొత్తు విలువ 400 యూరోలకు లోబడినచో అది చిన్ననేరము, జరిమానాతో పోవును. పట్టుబడినవాడు మఱునాడు అదే స్టేషనులో కనబడుటకు కారణమిదియే యని నగరవాసులు మొఱ్ఱపెట్టుకొనగా, మాటిమాటికి పట్టుబడువారికి శిక్ష పెంచుచు 2022లో చట్టము సవరించిరి. సంచి ముందువైపున వ్రేలాడవేసికొనుట, పాస్‌పోర్టు గదిలో నుంచి నకలు వెంట తీసికొనిపోవుట, ఫోను బల్లపై పెట్టకుండుట — ఇంతకు మించి చెప్పవలసినది లేదు.

తలిదండ్రులకు చెప్ప మనసొప్పని సంగతి యొకటి మిగిలినది. అక్కడను, ఇక్కడివలెనే, స్త్రీలకు ఎక్కువ ప్రమాదము చీకటి వీధిలో కాదు, తెలిసిన మగవాని వలన, ఇంటిలో. ఆ దేశమువారి గొప్పతన మేమనగా దీనిని దాచలేదు. 2003 నుండి భర్తయో, మాజీ భర్తయో, జతగానిగా నుండినవాడో చంపిన స్త్రీలను ప్రభుత్వమే లెక్కించి ప్రకటించుచున్నది. ఆ సంఖ్య 1,200 దాటినది. 2004లో అన్ని పక్షములును ఏకగ్రీవముగ ఒక చట్టము చేసి ఇందుకు ప్రత్యేక న్యాయస్థానములు పెట్టినవి. 016 అను నంబరునకు పగలైనను రాత్రియైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. ఆ పిలుపు బిల్లులో కనబడదు, ఫోనులోని జాబితా నుండి మాత్రము తామే చెఱిపివేయవలెను. కొన్ని నగరములలో రాత్రి బస్సెక్కిన స్త్రీ కోరినచో స్టాపు కాకున్నను ఇంటికి దగ్గఱగా దింపుదురు.

నల్లని చర్మమును గూర్చియు చెప్పకుండుట న్యాయము కాదు. 1992లో వయ్యదొలీదు రైలుస్టేషనులో పోలీసు ఒకడు అందఱిని వదలి ఒక్క నల్లజాతి స్త్రీని మాత్రమే గుర్తింపుకార్డు చూపుమనెను; ఆమె స్పెయిను పౌరురాలే. ఆమె దావా వేయగా 2001లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము పోలీసునే సమర్థించినది. ఆమె వదలక పోరాడగా 2009లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము ఆమె పక్షమున తీర్పు చెప్పినది. 2025 జూలైలో ముర్సియా ప్రాంతమందలి తొర్రె పచేకో అను ఊరిలో, ఒక వృద్ధుని కొట్టిరన్న కారణమున, బయటినుండి వచ్చిన గుంపులు మొరాకో దేశపు వలసకూలీలను వెదకుచు కొన్ని రాత్రులు వీధులలో తిరిగినవి. ఆ కూలీలు పండించు కూరగాయలే యూరపు అంగళ్లలో అమ్ముడగును.

చివరకు పొంతెవేద్రా అను ఊరి సంగతి. దీనిని మేము మిక్కిలి ఇష్టముతో వ్రాయుచున్నాము. గలీసియా ప్రాంతమందలి ఈ పట్టణమున జనము 80 వేలకు కొంచెము పైన. 1999లో పురాధ్యక్షుడుగ ఎన్నికైన లోరెస్ వృత్తిచే వైద్యుడు. తలిదండ్రులు పిల్లలను బయటికి పంపుటకు భయపడుట దొంగకు కాదు, మోటారు బండికని ఆయన గ్రహించెను. ఊరి నడిబొడ్డు వీధులనుండి కార్లను తొలగించి, వీధిని గోడకు గోడకు సమతలముగ రాతితో పఱపించెను. తప్పనిసరియైన బండ్లకు మాత్రమే ప్రవేశము, అదియు నెమ్మదిగ. వర్తకులు మొదట గోలపెట్టిరి. పిదప నడచివచ్చు కొనుగోలుదారులను చూచి ఊరకుండిరి. ఇటలీ విద్యావేత్త తొనూచ్చి 1991లో ఫానో పట్టణమున, ఊరిని పిల్లల కన్నుతో చూడుడని ఆరంభించిన ఆలోచనను వీరందుకొని, బడికి పోవు దారులను గుర్తించి, పిల్లలను తమంత తాము నడచిపొమ్మనిరి. ఆ దారులలోని అంగళ్ల అద్దములపై ఒక గుర్తు అంటించియుండును; పిల్లవానికి దాహమైనను, దెబ్బ తగిలినను, అమ్మకు ఫోను చేయవలసినను ఆ అంగడిలోనికి పోవచ్చును. దేశమంతటను ఒక్కొక్క వైపున ఒకే వరుసగల పట్టణవీధులలో 2021 మే నుండి గంటకు 30 కిలోమీటర్లకు మించి బండి నడుపరాదు. 1989లో ఆ దేశపు రోడ్లపై తొమ్మిదివేలమందికి పైగా మరణించిరి; 2023లో ఆ సంఖ్య సుమారు 1,800. ఎటా చేసిన మొత్తము హత్యలకు ఎన్నో రెట్లు ప్రాణములు ప్రతియేటను రోడ్డుపై మిగులుచున్నవి. కాని వానిని గూర్చి పత్రికలలో పెద్ద అక్షరములు పడవు.

మన పాఠశాల గేటు ముందు సాయంకాలము నాలుగు గంటలకు మోటారుసైకిళ్ల నడుమ నిలిచి పిల్లల చేయి పట్టుకొను తలిదండ్రులకు పై సంగతిని విడమఱచి చెప్పనక్కఱలేదు.

ఆ అమ్మాయి బార్సిలోనా చేరినది. అక్కడ రాత్రి తొమ్మిదియైనచో మనకు వేసవిలో పండ్రెండున్నర, చలికాలమున ఒకటిన్నర. ఆ తల్లి మొదటి నెలయంతయు ఫోను దిండు ప్రక్కన పెట్టుకొని మేలుకొనియే యుండెడిదట. సెప్టెంబరులో ఒకనాటి రాత్రి కుమార్తె గదికి నడచుచు మాటలాడుచుండగా ఏవో కేకలు వినబడి ఈమె గుండె జల్లుమన్నది. "ఏమే, ఎవరే ఆ అరుపులు?" అని అడిగినది. "చిన్నపిల్లలమ్మా, బంతాట ఆడుకుంటున్నారు. గోలు కొట్టారు" అని ఆ అమ్మాయి చెప్పినది. "ఈ వేళప్పుడా? వాళ్ళకి రేపు బడి లేదూ?" అని ఆ తల్లి ఆ పిల్లల తలిదండ్రులపై చాల కోపపడినట్లు మాతో చెప్పినది.